రాజేశం నాలుక

పోయిన చలికాలం మా మేనల్లుడు నన్ను హైదరాబాదులో తను పనిచేసే చోటికి తీసుకుపోయాడు. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మే బీరు దుకాణం అది. వాడి స్నేహితులు ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ చేరారు. అందరూ ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లే. ముందు చిన్న చిన్న గ్లాసుల్లో పది రకాల బీర్లు. ఒకమ్మాయి ఒక గుక్క తాగి, "పచ్చి జామకాయ కోసినట్టుంది" అంది. పక్కనున్నవాడు "నాకు నారింజ తొక్క తగులుతోంది" అన్నాడు. ఇంకొకడు పోయిన నెల బెంగళూరులో తాగిన నల్ల బీరు గురించి, అందులో మాడిన బెల్లం వాసన గురించి పావుగంట చెప్పాడు. వాదించుకున్నారు, నవ్వుకున్నారు, ఒకరి గ్లాసు ఇంకొకరు లాక్కుని తాగారు.

నేనూ తాగాను. నాకు చేదు తెలిసింది. చల్లదనం తెలిసింది. జామకాయ లేదు, నారింజ లేదు. ఆ పిల్లల మొహాలు చూస్తుంటే కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది. అరవై అయిదేళ్ల వయసులో, పాతికేళ్ల పిల్లలను చూసి కుళ్లుకుంటున్నాను.

"అంకుల్, మీరు ముప్పై ఏళ్లు బీరు రుచి చూడటానికే జీతం తీసుకున్నారట కదా. నాలుకను ఎలా తయారుచేసుకున్నారు?" అని ఆ అమ్మాయి అడిగింది.

"అభ్యాసం" అన్నాను. ఆ మాటను ఆమె పుస్తకంలో రాసుకుంది.

అది అబద్ధం. ఆ పిల్ల కోసమూ, ఆమెలాంటి వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

ఉద్యోగం అంటే ఏమిటి

మాది జగిత్యాల. కరీంనగర్‌లో బీయస్సీ కెమిస్ట్రీ చదివి, హైదరాబాదు శివార్లలోని ఒక బీరు ఫ్యాక్టరీలో చేరాను. మా ప్రాంతం తెలిసినవాణ్ణని నన్ను మళ్లీ జగిత్యాలకే పంపారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నా పరిధి. ఏ షాపు నుంచైనా "సరుకు బాగలేదు" అని ఫిర్యాదు వస్తే నేను పోవాలి, సీసా తెరవాలి, తాగాలి, తప్పు ఫ్యాక్టరీదా షాపుదా తేల్చాలి.

నూటికి తొంభై పాళ్లు తప్పు షాపుదే ఉండేది. జగిత్యాలలో ఒకాయన ఎండాకాలమంతా పెట్టెలను రేకుల షెడ్డు కింద పేర్చాడు. తెరిస్తే తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. ఆ ఒక్క లోపం మాత్రం నాకు బాగా తెలిసేది. ఎవరికైనా తెలుస్తుంది అది. షాపు యజమాని నాతో వాదించాడు. నేను షెడ్డులో పది నిమిషాలు నిలబడమన్నాను. అయిదు నిమిషాలకే చొక్కా తడిసి బయటికి వచ్చి, "సరే సారూ, మనిషే ఉంటలేడు, బీరెట్ల ఉంటది" అన్నాడు. కొత్తవాళ్లకు చెప్పేది ఒకటే. సీసా తెరిచే ముందు గోదాము చూడండి.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను మావైపు అలాగే పిలిచేవాళ్లు. పొద్దుగూకక ముందే బస్సులు ఆగిపోయేవి. రోడ్డు మీద పోలీసు తనిఖీలు. ఒకసారి కోరుట్ల నుంచి వస్తుంటే బస్సు ఆపి నా సంచీ విప్పించారు. మూడు సీసాలు, దూది, థర్మామీటరు. పెట్రోలు బాంబులనుకున్నారు. నేను ఎంత చెప్పినా ఎస్సై నమ్మలేదు.

"బీరయితే తాగి చూపియ్" అన్నాడు.

పొద్దున పదిగంటలకు రోడ్డు పక్కన నిలబడి మూడు సీసాల్లోంచీ తాగాను. ఎస్సై టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "దీనికి నీకు జీతమిస్తరా? నేనేమో ఈ ఎండల ప్రాణం అరచేతుల పెట్టుకొని నిలబడ్డ" అన్నాడు. ఊళ్లో అందరూ అంతే. నా ఉద్యోగం పేరు వింటే చాలు, కళ్లు పెద్దవయ్యేవి. నా మీద అందరికీ అసూయ. నాకు ఎవరి మీద అసూయో వాళ్లకు తెలియదు.

కోరుట్ల ఆదివారాలు

కోరుట్లలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక షాపు వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు చేరేవాళ్లు. తాగి తూలే రకం కాదు. ముగ్గురికీ బీరంటే ఇష్టం, దాని గురించి మాట్లాడుకోవడమంటే ఇంకా ఇష్టం.

ఒకరు నర్సింగరావు. మల్యాల దగ్గర ఊరు వాళ్లది, దొరల కుటుంబం. అన్నల భయానికి ఊళ్లోని కోట లాంటి గడీకి తాళం వేసి జగిత్యాలలో అద్దెకుంటున్నాడు. హైదరాబాదు క్లబ్బుల్లో తాగిన విదేశీ బీర్ల గురించి చెప్పేవాడు. రెండోవాడు గంగారాం. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం మనిషి. మస్కట్‌లో ఆరేళ్లు ఉండి వచ్చి కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఏ బీరు ముందు పెట్టినా, "గిదేం బీరు, మస్కట్ల డబ్బా బీరు తాగాలె" అనేవాడు. మూడోవాడు రాజేశం. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే మేస్త్రి. నాకంటే పదేళ్లు పెద్ద. ఆదివారం ఆదివారం కోరుట్ల బట్టల దుకాణాలకు చీరల మూటలు తెచ్చేవాడు. బడి నాలుగో తరగతితో ఆపేశాడు.

రాజేశానికి బీరు గురించి ఏ పుస్తకపు మాటా తెలియదు. ఒక గుక్క తీసుకుని, కళ్లు సగం మూసి, తనకు తెలిసిన వస్తువులతో చెప్పేవాడు.

"గిండ్ల మక్కపేలాలు మాడిన వాసన ఉన్నది రావు సాబ్. అడుగున ఉన్నది, ఆగి చూడుండ్రి."

ఆ మొక్కజొన్న పేలాల కోసం నర్సింగరావు ఆగి చూసేవాడు. కాసేపటికి, "ఉన్నదయ్యా" అనేవాడు ఆశ్చర్యంగా.

"గిది కొత్తగ గంజి పట్టిచ్చిన నూలు లెక్క ఉన్నది. గిది నిన్నటిది కాదు, ఎండల కూసొని అచ్చింది."

మొదటి ఆదివారమే నేను ఒక పరీక్ష పెట్టాను. ఒకే రకం బీరు, రెండు వేర్వేరు తేదీల్లో తయారైన సీసాలు. చూపించకుండా నాలుగు గ్లాసుల్లో కలిపి పోశాను. రాజేశం నాలుగూ తాగి, రెండు అటు, రెండు ఇటు జరిపాడు. సరిగ్గా విడదీశాడు. నేను మూడుసార్లు ప్రయత్నించినా నాకు తేడా తెలియలేదు.

"గిదెట్ల వచ్చిందన్నా నీకు?" అని అడిగాను.

"రంగు నీళ్లు నాలికె మీద పెట్టుకునుడే కద సారూ మా పని. రంగుల కలిపే సోడ ఎక్కువైందా తక్కువైందా నాలికె చెప్పాలె. మా అయ్య గట్లనే నేర్పిండు."

ఆ రోజు జగిత్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను పళ్లు నూరుకున్నాను. డిగ్రీ నాది. ఉద్యోగం నాది. నాలుక మాత్రం వాడిది. దేవుడు పొరపాటున ఎవరికో ఇవ్వాల్సింది ఎవరికో ఇచ్చాడనిపించింది. అయినా ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. రాజేశం ఎప్పుడైనా పొరపడితే చూద్దామని పోయేవాణ్ణి. ఏడాదిన్నర చూశాను. పొరపడలేదు.

బ్లీచింగు

ఒక వేసవి ఆదివారం, మా కంపెనీ సరుకే తెరిచాం. అందరం ఒక గుక్క తాగాం. నర్సింగరావు బాగుందన్నాడు. గంగారాం మస్కట్ గురించి మొదలుపెట్టబోయాడు. రాజేశం గ్లాసు కింద పెట్టాడు.

"సారూ, గీ బీరు నీళ్లు మారినయి."

"ఏం మారినయన్నా?"

"బ్లీచింగు నీళ్లు. గా వాసన నాకెర్కే. నూలు తెల్లగ చేసేటప్పుడు కడుగుడు తక్కువైతే గిట్లనే ఉంటది. దవఖానల కట్టు విప్పినట్టు."

నేను మళ్లీ తాగాను. ఏమీ తెలియలేదు. గంగారాం తాగి, "ఏ, నీకు చెయ్యికంటిన వాసన గావచ్చురా" అని నవ్వాడు. రాజేశం లేచి చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ తాగాడు. "ఉన్నది" అన్నాడు.

అదే తేదీ సీసాలు రెండు తీసుకుని మర్నాడు ఫ్యాక్టరీకి పోయాను. లోపల ఒక ఆశ. ల్యాబులో ఏమీ లేదని తేలాలి.

మా ప్రొడక్షన్ మేనేజరు కోస్తా మనిషి. విదేశాల్లో చదివి వచ్చినవాడు. మాలాంటి ఊళ్లు తిరిగే మనుషులను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని వాసన చూశాడు, నోట్లో తిప్పి ఉమ్మేశాడు. మళ్లీ వాసన చూశాడు. తరువాత మనిషిని పంపి నీళ్ల విభాగం ఫోర్‌మన్‌ను పిలిపించాడు. బోర్లు ఎండిపోయి పదిహేను రోజులుగా ట్యాంకర్ల నీళ్లు వాడుతున్నారు. ట్యాంకరువాళ్లు బ్లీచింగు గుమ్మరిస్తున్నారు. దాన్ని పట్టి ఆపాల్సిన బొగ్గు వడపోత పని అయిపోయి ఉంది. ఎవరూ చూసుకోలేదు.

ఫోర్‌మన్ బయటికి పోయాక మేనేజరు నా వైపు తిరిగాడు.

"ఇంత సన్నటి లోపం మా రుచి చూసే ప్యానెల్లో ఆరుగురు తాగి కూడా పట్టుకోలేదు. ఎవరు పట్టుకున్నారు?"

రెండేళ్లలో మొదటిసారి ఆయన నా మొహంలోకి చూశాడు.

"నేనే సార్" అన్నాను.

చెప్పాలని ముందే అనుకోలేదు. ఆ చూపు నాది కావాలనిపించింది, అంతే. ఆయన నా పేరు అడిగాడు. రాసుకున్నాడు.

ఆ మరుసటి ఆదివారం

నేను కోరుట్ల పోకుండా ఉండవచ్చు. పోయాను. రాజేశం నా కోసం చూస్తున్నాడు. ముందు గ్లాసు కూడా లేదు.

"ఏమన్నరు సారూ, ఫ్యాక్టరీల?"

నిజం చెబితే ఊరంతా చెప్పుకుంటాడు. మేనేజరు ఎప్పుడైనా ఇటు వస్తే నా బండారం బయటపడుతుంది. అది ఒక భయం. కానీ భయం ఒక్కటే అని రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది. వాడి మొహం వాడిపోతే ఎలా ఉంటుందో చూడాలని నాకు ఏడాదిన్నరగా ఉంది.

"మిషన్ల మీద పెట్టి చూసిండ్రన్నా. బ్లీచింగు లేదు, ఏం లేదన్నరు. బీరు మంచిగనే ఉందట."

గంగారాం బల్ల చరిచి నవ్వాడు. "నేను చెప్పలేదా? నీ నాలికెకు రంగంటిందిరా రాజేశం! ఇగ నుంచి మేం ఏం తాగుతున్నమో మాకే చెప్పకు."

నర్సింగరావు కూడా నవ్వాడు. రాజేశం నవ్వలేదు. గ్లాసు తెప్పించుకుని, కొంచెం తాగి, చాలాసేపు నోట్లో ఉంచుకున్నాడు.

"మిషను లేదన్నదంటే లేనట్టే గద సారూ" అన్నాడు చివరికి. "నాకే తప్పు తాకింది గావచ్చు."

నేను అనుకున్నంత సంతోషం కలగలేదు. కొంచెం కలిగింది. అది ఒప్పుకోవాలి.

తరువాతి వారాల్లో అందరూ గ్లాసులెత్తగానే రాజేశం నా వైపు చూసేవాడు. "మీరు చెప్పుండ్రి సారూ, మీకు తెలుస్తది" అనేవాడు. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. వాడు తలూపేవాడు. మక్కపేలాలు లేవు, గంజి లేదు. గంగారాం మస్కట్ ఒక్కటే మిగిలింది.

రెండు నెలలకు షాపు గోడ మీద ఎర్ర సిరాతో అన్నల పోస్టరు పడింది. సారా, బీరు అమ్మకం ఆపాలని. షాపు యజమాని ఆ వారమే తలుపులు వేశాడు. ఎవరెవరు అక్కడ కూర్చునేవారని పోలీసులు ఆరా తీశారు. దాంతో నర్సింగరావు హైదరాబాదుకే పోయాడు, మళ్లీ రాలేదు. రాజేశం కోరుట్ల రావడం మానుకున్నాడు. నన్ను మేనేజరు ఫ్యాక్టరీకి పిలిపించుకుని రుచి చూసే ప్యానెల్లో కూర్చోబెట్టాడు. నిజం చెప్పే అవకాశం పోయిందని పైకి బాధపడ్డాను. లోపల ఊపిరి పీల్చుకున్నాను.

ప్యానెల్ గది

ఆ గదిలో ఇరవై ఎనిమిదేళ్లు ఎలా గడిపానో చెబుతాను, మీరు అలా గడపకూడదు కాబట్టి. అందరికంటే నిదానంగా తాగేవాణ్ణి. పక్కవాడి కనుబొమ్మలు చూసేవాణ్ణి. మేనేజరు రెండోసారి వాసన చూస్తే ఏదో ఉందని అర్థం. అప్పుడు "నాకు కొంచెం అనుమానంగా ఉంది" అని కాగితం మీద రాసేవాణ్ణి. మనుషులను చదవడంలో మాత్రం నిజంగానే ఆరితేరాను. నన్ను అందరూ జాగ్రత్తపరుడనేవాళ్లు.

మొదట్లో మేనేజరు ప్రతి వేసవిలోనూ నన్ను పిలిచి, "ఆ బ్లీచింగు పట్టావు చూడు, అలాంటిది మళ్లీ పట్టు" అనేవాడు. అన్నప్పుడల్లా రాజేశం గుర్తొచ్చేవాడు. జాలి పడ్డానని మీరనుకుంటారు. లేదు. ఇక్కడ లేకపోయినా నన్ను ఓడిస్తున్నాడని మండేది. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడి నాలుకనూ వాడితో పోల్చుకుని, వాడి అంత లేదులే అని కుదుటపడేవాణ్ణి.

ఒక పిల్లవాడికి అంత ఉండింది. నిజామాబాదువాడు. మూడో నెలలోనే, నేను బాగుందని రాసిన ట్యాంకులో వెన్న మురిగిన వాసన పట్టాడు. వాణ్ణి ప్యానెల్ నుంచి బాటిలింగుకు మార్పించింది నేనే. తొందరపాటు మనిషని రాశాను. ఏడాదికి ఉద్యోగం మానేసి పోయాడు. నా వృత్తిలో నేను చేసిన రెండో పెద్ద తప్పు అది. మొదటిది చేసినవాడికి రెండోది సులువు.

సిరిసిల్ల

ఆ అమ్మాయి "అభ్యాసం" అని రాసుకున్న వారానికి సిరిసిల్ల బస్సెక్కాను. రాజేశం ఉన్నాడో లేడో కూడా తెలియదు. నేతగాళ్ల వాడలో రెండు చోట్ల అడిగితే చూపించారు. సాంచాల చప్పుడు, మరమగ్గాల చప్పుడు, వీధంతా వినిపిస్తోంది. ఇంటి ముందు గచ్చు మీద ఒక ముసలాయన కండెలకు నూలు చుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"బీరు సారువా? ఓ లచ్చవ్వా, కుర్చీ తే. కోరుట్ల సారచ్చిండు!"

రంగుల పని మానేసి చాలా ఏళ్లయిందని మాటల్లో తెలిసింది. ఎందుకు మానేశావని అడిగాను.

"రంగులు మారినయి సారూ, అది ఒకటి. ఇంకోటి..." అని నవ్వబోయి ఆగాడు. "మీకు యాదికున్నదో లేదో. బ్లీచింగని ఒకపారి అన్న. లేదన్నరు మీ ఫ్యాక్టరోళ్లు. అప్పటిసంది నాలికె మీద రంగు నీళ్లు పెట్టుకున్నప్పుడల్ల దిగులు. సోడ ఎక్కువైందని నాలికె చెప్తది. మిషనోళ్లే తప్పన్నరు గద, నా నాలికెదేం నమ్మకమని ఇంకింత ఏసేది. ఒకపారి సావుకారు నూలంత మసిబట్ట లెక్కయింది. ఇగ గా పనికి నన్ను ఎవ్వలు పిలువలే. సాంచాల మీదికి పోయిన."

వాళ్లావిడ లచ్చవ్వ తెచ్చిన చాయ్ నా చేతిలోనే చల్లారింది. ముప్పై అయిదేళ్ల కిందటి మాట ఒక మనిషి పని తీసేసిందని నేను ఏనాడూ అనుకోలేదు. నేను తీసుకున్నది ఒక మెప్పు మాత్రమే అనుకున్నాను.

"అన్నా, గా నీళ్లల్ల బ్లీచింగు ఉండె" అన్నాను.

రాజేశం చెయ్యి ఆగింది.

"నువ్వు చెప్పింది నిజం. ఫ్యాక్టరీల దొరికింది. నేను పట్టిన అని చెప్పుకున్న. నీకు లేదని చెప్పిన."

"ఎందుకు?"

"నీ నాలికెను చూసి కుళ్లుకున్న."

రాజేశం చుడుతున్న కండెను కింద పెట్టాడు. తరువాత నన్ను చూడకుండానే లోపలికి కేక వేశాడు.

"లచ్చవ్వా, ఇన్నవా? నేను తప్పు చెప్పలే. గప్పుడు, నేను తప్పు చెప్పలే!"

లచ్చవ్వ గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను. "మీ బిడ్డనో కొడుకునో ఎవలన్న గిట్ల జేస్తే మీరు ఊకుందురా సారూ?" అంది. క్షమించమన్నాను. రాజేశం చెయ్యి అడ్డంగా ఊపాడు.

"క్షమాపణ నాకేం జేసుకోను సారూ? గంగారాం బతికే ఉన్నడు. ఇప్పటికీ పెండ్లిళ్లల్ల కనవడితే బ్లీచింగు రాజేశమని నలుగుట్ల నవ్వుతడు. ఆయనకు చెప్పుండ్రి. నా ముంగట చెప్పుండ్రి."

మర్నాడు పొద్దున ఇద్దరం బస్సులో కోరుట్ల పోయాం. రాజేశం నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. గంగారాం కొడుకులిద్దరూ ఇప్పుడు గల్ఫులో ఉన్నారు. ఆయన వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాడు, మోకాళ్లు పనిచేయవు. నేను నిలబడే చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్కటీ దాచకుండా.

గంగారాం నోరు తెరిచి విన్నాడు. "గింత దానికి గిన్నేండ్లు..." అని నా మీద కోపంగా మొదలుపెట్టి, రాజేశం మొహం చూసి ఆగిపోయాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు. చెయ్యి చాపి రాజేశం మణికట్టు పట్టుకున్నాడు.

"అయితే నువ్వు చెప్పిందే నిజమారా?"

"నిజమే" అన్నాడు రాజేశం.

"మరి మక్కపేలాలు?"

"అవి గూడ ఉండె."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. పాత బీర్లన్నీ ఒక్కొక్కటీ పేరు పెట్టి తలుచుకున్నారు, ఏది ఎలా ఉండేదో, మస్కట్ డబ్బా బీరులో ఏం తక్కువో. డెబ్బై అయిదేళ్ల రాజేశం కళ్లు సగం మూసి, నాలుక మీద లేని బీరును గుర్తు చేసుకుంటూ చెబుతున్నాడు. ప్రతి మాటా సరిగ్గా ఉంది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.

వసారా మెట్ల దగ్గర నిలబడి వాళ్లను చూస్తున్నాను. చేసిన తప్పు చెప్పుకున్నాక మనసు తేలికవుతుందని అంటారు. నాకు కాలేదు. రాజేశం పోగొట్టుకున్నది వాడికి తిరిగి దొరికింది. అది చూసి అక్కడ కూడా, అప్పుడు కూడా, నాకు వాడి మీద అసూయే కలిగింది.